పాత మియాటాకి బ్రేకులు: ముందు రిపేరు, తర్వాతే అప్‌గ్రేడ్

మిషిగన్‌లో కార్లకి ఏటేటా భద్రతా తనిఖీ అంటూ ఏదీ లేదు. రిజిస్ట్రేషన్ డబ్బు కడితే స్టిక్కర్ వచ్చేస్తుంది. కారు కింద బ్రేక్ పైపు గట్టిగా ఉందా, తుప్పు తినేసిందా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇలాంటి చోట ముప్పై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారుని రోజూ ఆఫీసుకి నడుపుతున్నామంటే బ్రేకుల పూచీ పూర్తిగా మనదే. ఈ మధ్య మన కుర్రాళ్లు కొందరు పాత మియాటాలు (మాజ్దా వాళ్ల రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొని, "అన్నా, పెద్ద బ్రేకులు ఏవి వేయించమంటావు?" అని అడుగుతున్నారు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నాది 1991 మాజ్దా మియాటా, 1.6 లీటర్ ఇంజన్, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేని మోడల్. నోవైలో ఉంటాను, పని డియర్‌బోర్న్‌లో. రోజూ ఐ-96 మీద పికప్ ట్రక్కుల మధ్య ఈ చిన్న కారులో వెళ్లొస్తాను. ముందున్న ట్రక్కు ఉన్నట్టుండి ఆగితే నన్ను కాపాడేవి నాలుగు బ్రేక్ డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), నాలుగు టైర్లు. ఎయిర్‌బ్యాగ్ ఉంది కానీ దాని వయసూ కారు వయసే.

పెద్ద డిస్కు వేస్తే తొందరగా ఆగుతుందా?

అందరూ అడిగేది ఇదే. సూటిగా చెప్పాలంటే, మీ బ్రేకులు ఇప్పటికే చక్రాల్ని లాక్ చేయగలుగుతుంటే, అంటే అసలు తిరగకుండా పట్టేయగలుగుతుంటే, పెద్ద డిస్కు వేసినంత మాత్రాన ఆ ఒక్క బ్రేకింగ్‌లో దూరం తగ్గదు. చక్రాన్ని ఆపేది బ్రేకు, కారుని ఆపేది టైరు. టైరుకి రోడ్డు మీద ఎంత పట్టు ఉందో అంతవరకే బ్రేకు పనికొస్తుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది అనుకుంటే, గట్టిపడిపోయిన పాత టైర్లు తీసేసి కొత్తవి వేయించండి. టైరు పక్కన డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ) అక్షరాల చివర ఉండే నాలుగు అంకెలు చూస్తే అది ఏ వారం, ఏ ఏడాది తయారైందో తెలుస్తుంది. 2316 అని ఉంటే 2016లో 23వ వారం. గాడి లోతుగా ఉన్నా సరే, అంత పాత టైరుని నేను వాడను.

మరి పెద్ద డిస్కు దేనికి అంటే వేడికి. బ్రేకు చేసే పనల్లా వేగాన్ని వేడిగా మార్చడమే. డ్రైవరుతో కలిపి మియాటా బరువు 1,050 కిలోలు అనుకుందాం. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే దాదాపు 400 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. లీటరుంపావు నీళ్లని మరిగించడానికి సరిపోయేంత వేడి అది. కొన్ని సెకన్లలో, ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల్లోకే వెళ్తుంది. వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగు రెట్లవుతుంది. హైవే మీద ఒకసారి ఆపితే మధ్యలో చల్లారడానికి బోలెడు సమయం ఉంటుంది కాబట్టి చిన్న డిస్కు కూడా తట్టుకుంటుంది. వాటర్‌ఫర్డ్ హిల్స్ లాంటి ట్రాక్ మీద మలుపు మలుపుకీ తొక్కినప్పుడో, టెనెసీ సరిహద్దులో పదకొండు మైళ్లలో 318 మలుపులుండే టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ రోడ్డు దిగినప్పుడో వేడి పేరుకుపోతుంది. అప్పుడు బరువైన డిస్కు అక్కరకొస్తుంది.

అందుకే నా వరస ఇది: ముందు ఉన్నవాటిని కొత్త కారులో ఎలా పనిచేశాయో అలా పనిచేయించాలి. తర్వాత టైర్లు, ప్యాడ్లు (డిస్కుని రెండు పక్కలా నొక్కే పలకలు), ఫ్లూయిడ్. డిస్కులు ఎలాగూ అరిగిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు పెద్దవాటి సంగతి చూసుకోవచ్చు.

చక్రాలు విప్పకముందే తెలిసేవి

పానా పట్టుకునే ముందు డ్రైవర్ సీట్లో కూర్చుని కొన్ని పరీక్షలు చేయండి. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి జారాలి. జారితే వాక్యూమ్ బూస్టర్ (కాలి బలాన్ని పెంచే డబ్బా) పనిచేస్తున్నట్టు. ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ని ఒకే బరువుతో నిమిషం పాటు తొక్కి ఉంచండి. నెమ్మదిగా నేల వైపు దిగిపోతుంటే, బయట ఎక్కడా కారకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని పైపుల్లోకి తోసేది) లోపలి సీళ్లు అరిగినట్టే. మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కి బిగించిన చోట, కింది వైపు వేలు పెట్టి చూడండి. అక్కడ పెయింట్ ఉబ్బి ఊడిపోతుంటే వెనక సీలు నుంచి ఫ్లూయిడ్ కారుతోందన్నమాట. ఇలాంటివి ఉన్నప్పుడు ప్యాడ్ల గురించి మాట్లాడుకోవడం అనవసరం.

తొక్కినప్పుడు కారు ఒక పక్కకి లాగుతుంటే, ఏ పక్కకి లాగుతోందో ఆ పక్క బ్రేకు బాగానే ఉందని, తప్పు ఎక్కువగా రెండో పక్కదని గుర్తుంచుకోండి. కొత్తవాళ్లు దీన్నే తలకిందులు చేసుకుని బాగున్న కాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మార్చేస్తుంటారు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఖరీదేం కాదు. మామూలుగా నడిపి ఇంటికొచ్చాక నాలుగు డిస్కుల వేడీ చూడండి. ఎడమ, కుడి దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ ప్యాడ్ వదలడం లేదు. ఒకటి చల్లగా ఉంటే అక్కడ బ్రేకు పట్టడం లేదు. చేత్తో మాత్రం ముట్టుకోకండి.

వెనక కాలిపర్: ఇక్కడ తొందరపడకండి

పాత మియాటాల్లో నేను ఎక్కువగా చూసే పాడైన భాగం వెనక కాలిపరే. కారణం ఒక్కటే, అది ఎలా పనిచేస్తుందో తెలియకుండా చేతులు పెట్టడం. నా కారు మొదటిసారి విప్పినప్పుడు వెనక ఎడమ పిస్టన్ అంచు మీద క్లాంప్ నొక్కిన గంటు కనిపించింది. అంతకుముందు ఎవరో దాన్ని బలవంతంగా లోపలికి తోయబోయారు. హ్యాండ్ బ్రేక్ ఆ పక్క అసలు పట్టేది కాదు.

మియాటాలో హ్యాండ్ బ్రేక్ వెనక డిస్కుల మీదే పనిచేస్తుంది. కేబుల్ లాగితే కాలిపర్ లోపల ఉన్న మరమెకానిజం పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. ప్యాడ్ అరిగేకొద్దీ ఆ మర తనంతట తాను సర్దుకుంటూ ఉంటుంది. అందుకే ముందు కాలిపర్ పిస్టన్‌లా దీన్ని సి-క్లాంప్‌తో నొక్కితే లోపలికి పోదు. ఇంకా బలం పెడితే లోపలి మర చెడుతుంది. వేరే చాలా కార్లలో వెనక పిస్టన్‌ని ప్రత్యేకమైన టూల్‌తో తిప్పి లోపలికి పంపిస్తారు, ఇక్కడ అదీ కాదు.

పని ఇలా సాగాలి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించండి. ముందు చక్రాలకి అటూ ఇటూ అడ్డు పెట్టండి, ఎందుకంటే వెనక ఎత్తాక కారుని పట్టి ఉంచేది అవే. జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. కాలిపర్ వెనక పక్క, అంటే కారు లోపలి వైపు, 14 మిల్లీమీటర్ల తల ఉన్న చిన్న బోల్టు ఒకటి మూతలా కనిపిస్తుంది. దాన్ని విప్పితే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే సర్దుబాటు మర ఉంటుంది. దాన్ని గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే పిస్టన్ మెల్లగా వెనక్కి వస్తుంది. నెమ్మదిగా, ఏ బలం లేకుండా తిరగాలి. బిగుసుకుపోతే ఆగండి. ఆ కాలిపర్ విప్పి బాగుచేయాల్సిందో మార్చాల్సిందో అవుతుంది.

కొత్త ప్యాడ్లు వేసి కాలిపర్ బిగించాక అదే మరని గడియారం దిశలో తిప్పుతూ డిస్కుని చేత్తో తిప్పి చూస్తుండండి. డిస్కు కదలకుండా ప్యాడ్లు పట్టేసే దాకా తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తీయండి. ఇప్పుడు డిస్కు తేలిగ్గా తిరగాలి, లేదంటే సన్నగా రాసుకుంటున్న శబ్దం వస్తే చాలు. మూత బోల్టు మళ్లీ పెట్టడం మరిచిపోవద్దు. అది లేకపోతే ఉప్పు నీళ్లు లోపలికి పోయి, వచ్చే ఏడాదికి ఆ మర తిరగదు.

కేబుల్ సర్దుబాటు దీని తర్వాతే. హ్యాండ్ బ్రేక్ పైదాకా వస్తోందని చాలామంది ముందు కేబుల్ బిగిస్తారు. అలా చేస్తే కాలిపర్ మీద లివరు ఎప్పుడూ సగం లాగి ఉండి, లోపలి మర తనంతట తాను సర్దుకోవడం మానేస్తుంది. రెండు పక్కలా కాలిపర్లు సరిచేశాక హ్యాండ్ బ్రేక్ 5 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి. అప్పటికీ పట్టకపోతేనే కేబుల్ వైపు చూడండి.

ముందు కాలిపర్లు, పిన్నులు

ముందు కాలిపర్‌లో పిస్టన్ ఒక్కటే, అదీ లోపలి వైపే ఉంటుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కితే, ఆ ఎదురు బలానికి కాలిపర్ మొత్తం తన పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. పిన్ను ఎండిపోతే కాలిపర్ జరగదు. లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది. ఒకే చక్రంలో రెండు ప్యాడ్ల మందంలో బాగా తేడా కనిపిస్తే ముందు పిన్నుల్నే అనుమానించండి. ప్యాడ్ ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగినా అంతే.

పిన్నులు తీసి పాత గ్రీజు పూర్తిగా తుడవండి. తుప్పు గుంటలు ఉంటే కొత్త పిన్నులే వేయండి, ఎమెరీ పేపర్‌తో రుద్ది సరిపెట్టకండి. రాసే గ్రీజు రబ్బరుకి పడేదై ఉండాలి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు. బేరింగులకి వాడే మామూలు గ్రీజు రబ్బరు బూట్లని (పిన్ను మీది తొడుగుల్ని) ఉబ్బిస్తుంది, వాటితోపాటు పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. ఇంకోటి, కాలిపర్‌ని, ప్యాడ్లని పట్టి ఉంచే బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే గాడులు. స్టీలు క్లిప్పుల కింద తుప్పు పొరలా పెరిగి ప్యాడ్‌ని ఇరికిస్తుంది. క్లిప్పు తీసి ఆ తుప్పుని ఆకురాయితో, వైరు బ్రష్షుతో మెటల్ కనిపించేదాకా గీకాలి. ప్యాడ్ వేలితో తోస్తే జరగాలి. సుత్తి అవసరమైందంటే ఇంకా గీకాల్సి ఉందన్నమాట. ఉప్పు ప్రాంతంలో కొత్త ప్యాడ్లు ఆరు నెలల్లో కీచుమనడానికి ఎక్కువగా కారణం ఇదే.

పిస్టన్ బూటు చిరిగితే కాలిపర్ విప్పాలి. సీలు కిట్టు చవక, పని ఒక సాయంత్రం. పిస్టన్‌ని కాలిపర్ నుంచి బయటికి తీయడానికి ఫ్లూయిడ్ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా పంపాలి. ఎదురుగా చెక్కముక్క పెట్టండి, వేళ్లు మాత్రం అక్కడ పెట్టకండి. పిస్టన్ తూటాలా దూకుతుంది. లోపల చదరపు అంచులున్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. కాలిపర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అది. తొక్కినప్పుడు పిస్టన్‌తో కలిసి కొద్దిగా వంగుతుంది, వదిలినప్పుడు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. స్ప్రింగూ లేదు, ఏమీ లేదు. ప్యాడ్ డిస్కుని వదలడమంతా ఆ రింగు పనే. అది గట్టిపడితే బ్రేకు వదలదు, మైలేజీ పడిపోతుంది, డిస్కు కాలుతుంది. పిస్టన్ మీద, సీలు తగిలే చోట క్రోమ్ లేచిపోయి గుంటలు పడితే కొత్త పిస్టన్ వేయండి. బిగించేటప్పుడు సీలుకి శుభ్రమైన బ్రేక్ ఫ్లూయిడే రాయండి.

పైపులు, హోసులు

ఈ భాగం ఎవరికీ సరదాగా ఉండదు. కానీ ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

రబ్బరు హోసు బయటికి బాగానే కనిపిస్తూ లోపల వాచిపోతుంది. కాలి బలానికి ఫ్లూయిడ్ లోపలికి పోతుంది, తిరిగి రావడానికి దారి ఉండదు. బ్రేకు పట్టి అలాగే ఉండిపోతుంది. చక్రం ఎత్తి, పెడల్ తొక్కి వదిలి, చక్రం తిరగకపోతే ఆ కాలిపర్ బ్లీడర్ నిపుల్ (గాలి, ఫ్లూయిడ్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కాస్త వదులు చేయండి. చుక్క ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వెంటనే తిరిగితే తప్పు కాలిపర్‌ది కాదు, వెనకున్న హోసుది. అప్పుడు అన్ని హోసులూ కలిపి మార్చేయండి. స్టెయిన్‌లెస్ అల్లిక ఉన్నవి వేసుకోవచ్చు, పెడల్ కాస్త గట్టిగా అనిపిస్తుంది. డాట్ ప్రమాణానికి సరిపోతాయని ముద్ర ఉన్నవే కొనండి. స్టీరింగ్‌ని రెండు చివరలకీ తిప్పి, హోసు టైరుకీ స్ప్రింగుకీ తగలడం లేదని కళ్లతో చూడాలి. బాంజో బోల్టుకి (హోసుని కాలిపర్‌కి బిగించే, లోపల రంధ్రమున్న బోల్టు) రెండు పక్కలా రాగి వాషర్లు కొత్తవే వేయాలి, పాతవి తిరగేసి వేయొద్దు.

స్టీలు పైపుల్ని కారు వెనక దాకా టార్చిలైటుతో చూడండి. క్లిప్పుల దగ్గర మట్టి, ఉప్పు నిలిచే చోట ముందుగా పోతాయి. పొలుసులుగా లేస్తుంటే దాన్ని గీకి పెయింట్ వేయడం వైద్యం కాదు. 3/16 అంగుళాల కాపర్-నికెల్ పైపు తెచ్చుకోండి. చేత్తో వంగుతుంది, ఉప్పుకి తుప్పు పట్టదు. మియాటాకి పైపు చివరలు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే అంచుని రెండు మడతలుగా వెడల్పు చేయాలి, యూరప్ కార్ల బబుల్ ఫ్లేర్ కాదు. తెగిన చోట కంప్రెషన్ ఫిట్టింగుతో అతికే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. పాత నట్లు విప్పడానికి మామూలు పానా వాడితే అంచులు గుండ్రమైపోతాయి. 10 మిల్లీమీటర్ల ఫ్లేర్ నట్ పానా కొనండి, ముందు రోజు రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. ఫ్లేర్ చేయడం మీద నమ్మకం లేకపోతే ఈ ఒక్క పనీ షాపుకి ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు.

ఫ్లూయిడ్, గాలి తీయడం

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. నీళ్లు చేరేకొద్దీ మరిగే వేడి పడిపోతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక 140. డాట్ 4కి ఇవే 230, 155. ఫ్లూయిడ్ మరిగితే లోపల ఆవిరి బుడగలు చేరతాయి. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే పెడల్ ఒక్కసారిగా నేలకి పోతుంది. తెలిసిన బ్రాండ్ డాట్ 4 చాలు, రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5 అని ఉన్నది సిలికాన్, ఇందులో పోయకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 3, డాట్ 4 లాగే గ్లైకాల్ కుటుంబానిదే. తెరిచి ఆరు నెలలు గ్యారేజీలో ఉన్న డబ్బా వాడకండి.

ఎడమ స్టీరింగ్ కారులో గాలి తీసే వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. ఇద్దరుంటే సులువు. నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబ్ తగిలించి, రెండో చివర కాస్త ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. మా ఇంట్లో మా ఆవిడ పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "తొక్కు" అంటాను, తను తొక్కి "పట్టాను" అంటుంది. నిపుల్ తెరుస్తాను, ఫ్లూయిడ్ వస్తుంది, మూస్తాను, అప్పుడు "వదులు" అంటాను. నిపుల్ మూయకముందు పెడల్ వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది కాబట్టి "వదులు" అనే మాట మూశాకే రావాలి. ట్యూబులో బుడగలు ఆగి, రంగు తేటపడే దాకా ఇలాగే. రిజర్వాయర్ ఖాళీ కానివ్వొద్దు.

పాత మాస్టర్ సిలిండర్‌కి ఒక జాగ్రత్త ఉంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టి, నేల దాకా పోకుండా చూడండి. రోజువారీ వాడకంలో సీళ్లు ఎప్పుడూ వెళ్లని లోతుల్లో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. బ్లీడింగ్ చేస్తూ (గాలి తీస్తూ) పెడల్ పూర్తిగా తొక్కితే సీలు ఆ గరుకు మీద రాసుకుని చీలుతుంది. నిన్నటిదాకా బాగున్న మాస్టర్ సిలిండర్ బ్రేకులు చేయించగానే ఎందుకు పోయిందో చాలామందికి అర్థం కాని కారణం ఇదే.

ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. తుడిచి ఊరుకుంటే పెయింట్ లేస్తుంది.

ఇప్పుడు అప్‌గ్రేడ్

1.6 మియాటాకి రోజూ నడిపేవాళ్ల కోసం నేను చెప్పే అప్‌గ్రేడ్ ఒక్కటే, మాజ్దా తనే 1994లో 1.8 ఇంజన్‌తో ఇచ్చిన బ్రేకులు. ముందు డిస్కు 235 మిల్లీమీటర్ల నుంచి 255కి, వెనకది 231 నుంచి 251కి పెరుగుతుంది. కాలిపర్లు మీవే పనికొస్తాయి. కావాల్సింది 1.8 కారు బ్రాకెట్లు నాలుగు, ఆ కొలత డిస్కులు, ఆ ప్యాడ్లు. బ్రాకెట్లు జంక్‌యార్డులో దొరుకుతాయి, 1994 నుంచి వచ్చిన మామూలు 1.8 మియాటా నుంచి విప్పుకోండి. ప్యాడ్ డిస్కుని పట్టే చోటు మధ్య నుంచి సుమారు 10 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది కాబట్టి అదే కాలి బలానికి దాదాపు పదో వంతు ఎక్కువ పట్టు వస్తుంది. ముందు డిస్కు మందం కూడా పెరుగుతుంది, వేడికి అసలు లాభం అక్కడే. కంపెనీ 14 అంగుళాల చక్రాల్లో ఇవి పడతాయి. తర్వాత వచ్చిన స్పోర్ట్ బ్రేకులు ఇంకా పెద్దవి, ముందు 270. వాటికి 15 అంగుళాల చక్రాలు కావాలి, ఆఫీసుకి వెళ్లొచ్చే కారుకి అంత అక్కర్లేదు.

నాలుగూ కలిపే మార్చండి. వెనక మాత్రమే పెంచితే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయి కారు గిర్రున తిరుగుతుంది, ఏబీఎస్ లేని కారులో ఇంతకంటే ప్రమాదం లేదు. ముందు మాత్రమే పెంచితే ముందు చక్రాలు తొందరగా లాక్ అవుతాయి, వెనక టైర్ల పట్టు వాడుకోకుండా మిగిలిపోతుంది, ఆగే దూరం పెరగొచ్చు కూడా.

బిగించేటప్పుడు హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీద ఉన్న తుప్పంతా తీయడమే అసలు పని. చిన్న తుప్పు పొలుసు డిస్కు కింద ఇరుక్కుంటే డిస్కు అంచు అటూ ఇటూ ఊగుతుంది. కొత్త డిస్కు బిగించి, నట్లతో నొక్కిపట్టి, డయల్ గేజీతో అంచు దగ్గర చూడండి. ఊగుడు 0.1 మిల్లీమీటర్ దాటకూడదు. దాటితే డిస్కుని హబ్ మీద ఒక నట్టు జరిపి మళ్లీ కొలవండి. తొక్కినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కు వంగిందంటారు కానీ ఎక్కువసార్లు కారణం ఈ ఊగుడు వల్ల ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. డిస్కు అంచు డస్ట్ షీల్డుకి తగులుతుంటే షీల్డుని కాస్త వెనక్కి వంచండి. కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. బిగింపు బలం (టార్క్) బ్రాకెట్ బోల్టులకి 49 నుంచి 69 న్యూటన్ మీటర్లు, చక్రం నట్లకి 90 నుంచి 118. టార్క్ పానాతోనే, నట్లు నక్షత్రం వరసలో.

కాలిపర్లు విప్పి పక్కన పెట్టేటప్పుడు హోసు మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. ఎడమ కుడి కలిసిపోకుండా టేపు అంటించండి. తారుమారు అయితే బ్లీడర్ నిపుల్ కింది వైపుకి వస్తుంది, గాలి పైన చిక్కుకుని ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా పెడల్ స్పాంజిలా ఉంటుంది. నిపుల్ ఎప్పుడూ పైనే ఉండాలి.

ప్యాడ్ కొనేముందు దాని అంచు మీద ముద్రించిన రెండు అక్షరాలు చూడండి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. 'ఈ' (E) అక్షరం అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రోజూ నడిపే మియాటాకి రెండూ ఎఫ్ ఉన్నది నాకు నచ్చుతుంది. రేసింగ్ ప్యాడ్లు జనవరి పొద్దున మైనస్ పది డిగ్రీల్లో మొదటి సిగ్నల్ దగ్గరే భయపెడతాయి, అవి వేడెక్కితేనే పట్టేది. ట్రాక్‌కి వెళ్లే రోజు వేరే సెట్ వేసుకుని, వచ్చాక తీసేయండి.

అంతా బిగించాక కారు కదిలించే ముందే పెడల్‌ని గట్టిపడే దాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి తోసి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడుకి ఏమీ పట్టదు, గ్యారేజీ తలుపు గుద్దేసేది అప్పుడే. తర్వాత వీధిలో నడక వేగంతో రెండు మూడుసార్లు ఆపి చూడండి. ఆ పైన ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద గంటకి 60 మైళ్ల నుంచి 10కి గట్టిగా, కానీ లాక్ కాకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. వేడిగా ఉన్నప్పుడు పెడల్ మీద కాలు పెట్టి ఆగితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది. తర్వాత బ్రేకు తొక్కకుండా కొన్ని మైళ్లు నడిపి చల్లార్చండి.

మొదటి యాభై మైళ్ల తర్వాత చక్రం నట్లు మళ్లీ టార్క్ పానాతో చూడండి. అప్పుడే ప్రతి బాంజో బోల్టు కింద, ప్రతి ఫ్లేర్ నట్టు కింద, ప్రతి నిపుల్ దగ్గర తెల్ల టిష్యూ పేపర్ ఒత్తి చూడండి. తడి కనిపిస్తే, ఎంత కొంచెమైనా సరే, ఆ కారుని ఆ రోజు రోడ్డెక్కించొద్దు.